ఇంటి నెట్టు ఒకరి జేబులో ఎందుకుండాలి?

"మా ఇంటికి వేరే వైఫై దేనికే, నా ఫోనే వైఫై" అన్నాడు అన్నయ్య, సంక్రాంతికి కోదాడ వెళ్ళినప్పుడు. మా పెద్దమ్మ కొడుకు. ఒక ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ళు చూస్తాడు. పొద్దున ఎనిమిదింటికి బండి తీస్తే హుజూర్‌నగర్, మేళ్ళచెరువు, నడిగూడెం తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. ఆ మాట గొప్పలకి పోయి అన్నది కాదు. నెలకి ఒక్క రీచార్జ్‌తో నలుగురికీ నడిచిపోతుంటే, ఇంకో నాలుగైదు వందలు పోసి గోడకి రౌటర్ డబ్బా ఎందుకు తగిలించుకోవాలని అతని లెక్క.

వంటింట్లోంచి వదిన అందుకుంది. "అవునవును. ఆయన ఉన్నంతసేపే వైఫై."

అందరం నవ్వాం. అది నవ్వి ఊరుకునే మాట కాదని తర్వాత తోచింది. అందుకే ఈ పోస్టు. హాట్‌స్పాట్ మీద, అంటే ఫోన్‌లోని నెట్‌ని చుట్టూ ఉన్నవాళ్ళకి వైఫైగా పంచడం మీద, నాకే కోపమూ లేదు, నేనూ రోజూ వాడతాను. నా అభ్యంతరం ఒక్కటే. ఇంటిల్లిపాదికీ హాట్‌స్పాట్ తప్ప వేరే నెట్టే లేకపోతే, ఆ ఇంట్లో నెట్ ఉన్నది ఒక్కరికే. మిగతావాళ్ళు అడిగి వాడుకుంటున్నారంతే. అడిగితే కాదనే మనిషి కాకపోవచ్చు, అన్నయ్య అసలే కాదు. అయినా అడగాల్సి రావడం అడగాల్సి రావడమే. పైగా ఆ ఫోన్ జేబులో వేసుకుని బయటికెళ్ళేది ఎవరు, ఇంట్లో మిగిలేది ఎవరు అని చూస్తే ఇది వట్టి డబ్బుల లెక్క కాదని తెలుస్తుంది.

ఎనిమిది నుంచి ఎనిమిది దాకా

వదినకి ఫోన్ లేక కాదు. స్మార్ట్‌ఫోనే ఉంది. అన్నయ్య కొత్తది కొన్నప్పుడు పాతది ఆమెకి వచ్చింది. అందులో సిమ్ ఉంది, డేటా లేదు. కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు పెట్టి తీరాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పాక, 2025 జనవరి నుంచి అలాంటివి వచ్చాయి కదా. డేటా అక్కర్లేని వాళ్ళ నెత్తిన డేటా రుద్దొద్దని ఆ ఆదేశం. మంచిదే. పెద్దమ్మ బటన్ ఫోన్‌కి అది నిజంగానే ఆదా. మా వాళ్ళింట్లో ఆ ప్లాన్ పెద్దమ్మ ఫోన్‌తో ఆగకుండా వదిన ఫోన్‌కి కూడా పడింది. "ఇంట్లో నా నెట్ ఉందిగా, నీకు మళ్ళీ దేనికి" అన్న తర్కంతో.

వదిన బ్లౌజులు కుడుతుంది. డిజైన్లు, కొలతలు, "ఎప్పటికవుతాయి అక్కా" అన్న వాకబులు, అన్నీ వాట్సాప్‌లోనే. పగలంతా పెట్టిన మెసేజ్‌లు రాత్రి ఎనిమిది తర్వాత ఒక్కసారిగా టింగుటింగుమంటూ దిగుతాయి. "అక్కా, ఫంక్షన్ ఈ సాయంత్రమే, చేతులు ఈ ఫోటోలోలా పెట్టు" అని మధ్యాహ్నం పెట్టిన మెసేజ్ రాత్రి ఎనిమిదిన్నరకి చదివితే ఆ బ్లౌజు గతేం కాను? "ఫోన్ చెయ్యొచ్చు కదా వాళ్ళు" అంటాడు అన్నయ్య. చేస్తారు. ఫోటో మాత్రం ఫోన్ కాల్లో రాదు.

రాత్రి అతను రాగానే మొదలయ్యే హడావిడి చూసి తీరాలి. హాలుకీ పడగ్గదికీ మధ్య తలుపు పక్కన స్విచ్‌బోర్డు ఉంది. రెండు గదులకీ సిగ్నల్ అందేది అక్కడే. ఫోన్‌ని ఛార్జర్‌కి తగిలించి, బోర్డు కింది చిన్న చెక్క అర మీద నిలబెడతారు. వెనక పౌచ్ తీసేస్తారు, ఎందుకంటే పది నిమిషాల్లో అది ముట్టుకుంటే చురుక్కుమనేంత వేడెక్కుతుంది. ఒకపక్క ఛార్జ్ అవుతూ, ఒకపక్క టవర్‌తో మాట్లాడుతూ, ఇంకోపక్క ఇంట్లోని ఫోన్లకీ టీవీకీ వైఫై పంచుతూ ఉంటే వేడెక్కక ఏం చేస్తుంది. టీవీలో పెద్దమ్మకి ప్రవచనం. కేబుల్ తీయించేశారు కాబట్టి పగలంతా ఆ స్మార్ట్ టీవీ మీద "ఇంటర్నెట్ కనెక్షన్ లేదు" అన్న ముక్క తప్ప మరోటి రాదు. మేనకోడలికి ఫిజిక్స్ వీడియో. వదినకి వాట్సాప్.

సరిగ్గా అప్పుడు అన్నయ్యకి ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. అతని ఫోన్‌లో రెండు సిమ్‌లు. ఒకటి సొంతది, డేటా అందులోనే. రెండోది ఆఫీసుది. మామూలు రెండు సిమ్‌ల ఫోన్లలో చాలావాటికి ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండో సిమ్ డేటా ఆగిపోతుంది. ఈ రోజు ఎంత వసూలైంది, రేపు ఎవరింటికి వెళ్ళాలి అని మేనేజరు పావుగంట మాట్లాడితే, ఆ పావుగంటా ప్రవచనకర్త నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉంటాడు. ఫిజిక్స్ వీడియో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పిల్ల గుమ్మం దగ్గర నిలబడి "డాడీ, పెట్టేయ్" అని చేత్తో సైగ చేస్తుంది. అతను కళ్ళెర్రజేసి బాల్కనీలోకి పోతాడు, ఫోన్ తీసుకుని. హాట్‌స్పాట్ కూడా బాల్కనీలోకి పోతుంది.

ఇవన్నీ చిన్న చిన్న ఇబ్బందులే అనుకోవచ్చు. ఎంసెట్ కౌన్సెలింగ్ (ఇప్పుడు ఎప్‌సెట్ అనాలి, నోరు తిరగదు) అప్పుడు జరిగింది మాత్రం నాకు చిన్నదనిపించలేదు. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో మధ్యాహ్నం మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, డాడీ మిర్యాలగూడలో ఉన్నాడు. లాగిన్ ఐడీ మెసేజ్ డాడీ ఫోన్‌కే వచ్చింది. నెట్టూ ఆ ఫోన్‌లోనే ఉంది." అన్నయ్యకి ఫోన్ చేసి ఐడీ చదివించుకుని, పిల్ల నెట్ సెంటర్‌కి వెళ్ళింది. కాలేజీ కోడ్‌లు నోట్‌బుక్ పేజీలో వరసగా రాసుకుని పట్టుకెళ్ళింది. అక్కడ వెనక ఇంకా ఎంతోమంది ఉన్నారు. సెంటర్ అబ్బాయి "నువ్వు చదువమ్మా, నేను కొట్టేస్తా" అన్నాడు. ఏ కాలేజీ ముందు, ఏది వెనక అన్నదే అందులో అసలు సంగతి. నాలుగేళ్ళ చదువు ఎక్కడో తేల్చే ఆ వరస, లైన్లో వెనకున్నవాళ్ళు గొణుగుతుంటే, ఎవరో టైప్ చేస్తుంటే పూర్తయింది.

రాత్రి ఇంటికొచ్చి ఆలోచించుకుని, రెండు కాలేజీలు అటూ ఇటూ చెయ్యాలనుకుంది. గడువు ఇంకో రోజుంది. డాడీ కూడా ఇంట్లోనే ఉన్నాడు. కానీ ఆ రోజు కోటా జీబీన్నరలో చాలాభాగం వసూళ్ళ యాప్, మ్యాప్‌లు, దారిలో చూసిన వీడియోలు తినేశాయి. మిగిలిన కాస్తా టీవీ మింగింది. "మీ డైలీ డేటా 100 శాతం పూర్తయింది" అని మెసేజ్.

కోటా అయ్యాక వచ్చే వేగం 64 కేబీపీఎస్ కదా, దాన్ని ఒకసారి లెక్కగట్టి చూడండి. సెకనుకి 8 కిలోబైట్లు. ఒక్క ఎంబీ దిగాలంటే రెండు నిమిషాల పైన. ఫోటోలూ స్క్రిప్టులూ దట్టించిన ప్రభుత్వ పోర్టల్ పేజీ తెరుచుకునేలోపు సెషన్ అయిపోయి మళ్ళీ లాగిన్ అవ్వమంటుంది. ప్లాన్ పేరు అన్‌లిమిటెడ్. మన దేశంలో 2004లోనే బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 256 కేబీపీఎస్ ఉండాలన్నారు. 2023లో దాన్ని 2 ఎంబీపీఎస్ చేశారు. అంటే తొమ్మిదిన్నర రాత్రి ఆ ఇంట్లో ఉన్నది, ఇరవయ్యేళ్ళ కిందట కనీసం అనుకున్న దాంట్లో నాలుగో వంతు. చివరికి పిల్ల అర్ధరాత్రి దాకా మెలకువగా కూర్చుని, పన్నెండు దాటి కొత్త కోటా పడ్డాక ఆప్షన్లు మార్చుకుంది.

అన్నయ్య లెక్క

అతని లెక్కని కొట్టిపారెయ్యడానికి లేదు. 2024 జూలైలో రేట్లు పెరిగాక రోజుకి జీబీన్నర వచ్చే ప్లాన్ 28 రోజులకి 299 రూపాయల దగ్గర మొదలైంది. నెల అని అంటాం గానీ 28 రోజులంటే ఏడాదికి పదమూడు రీచార్జ్‌లు, సుమారు 3,900. ఇంటికి ఫైబర్, అంటే తీగ మీద వచ్చే నెట్, పెట్టిస్తే చవక రకాల్లో ఒకటి నెలకి 399, దాని మీద జీఎస్టీ 18 శాతం, మొత్తం 471. ఏడాదికి 5,600 పైమాటే. పోనీ అది వస్తే ఇది మానెయ్యొచ్చా అంటే కుదరదు, బయట తిరిగే మనిషికి ఫోన్‌లో నెట్ ఉండాల్సిందే. కాబట్టి ఆ 471 అచ్చంగా అదనపు ఖర్చు. గ్యాస్ బండలో సగం దానికే పోతుంది. జీతంలో పెట్రోలు, ఈఎంఐ, ఫీజులు పోగా మిగిలేది తెలిసినవాళ్ళెవరూ దాన్ని చిన్న మొత్తమనరు.

సరుకు చూస్తే మాత్రం రెండిటికీ పోలికే లేదు. రోజుకి జీబీన్నర చొప్పున 28 రోజులకి 42 జీబీ. ఆ 399 కనెక్షన్‌లో నెలకి 3,300 జీబీ దాకా 30 ఎంబీపీఎస్ వేగం. "అంత ఎవడు వాడతాడు" అన్నాడు అన్నయ్య. ఎవరూ వాడరు, నిజమే. కాకపోతే పెద్దమ్మ ప్రవచనం చూసినందుకు పిల్ల పాఠం ఆగిపోయే పరిస్థితి ఉండదు. ఆ ఇంట్లో రాత్రిపూట ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న పంచాయితీ రోజూ జరుగుతుంది. అందులో ఎప్పుడూ వెనక్కి తగ్గేది ఎవరో చెప్పక్కర్లేదు. "నా మెసేజ్‌లు తర్వాత చూసుకుంటాలే" అని వదిన రొట్టెలు చెయ్యడానికి వెళ్ళిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఆ లెక్కలో రాలేదు. నెట్ సెంటర్‌కి ఇచ్చిన డబ్బులు, నెలాఖరులో అదనపు డేటాకి వేయించే బూస్టర్లు, చేజారిన బ్లౌజు ఆర్డర్లు. వీటిని కూడితే 471 అవుతుందో లేదో, అంత ఖచ్చితంగా కూడే పని నేను పెట్టుకోలేదు. అవ్వకపోయినా నా అభిప్రాయం మారదు.

2016కి ముందు ఈ చర్చే లేదు. జీబీ డేటా రెండొందల యాభై రూపాయలున్న రోజుల్లో ఎవరినైనా హాట్‌స్పాట్ అడగడమంటే చేబదులు అడిగినట్టే, మొహమాటపడేవాళ్ళం. ఆ సెప్టెంబరులో జియో వచ్చి ధరలు కూల్చాక, తీగ రాని ఇళ్ళకి కూడా నెట్ వచ్చింది. దేశంలో 2024 చివరికి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు 94 కోట్ల దాకా ఉంటే, అందులో తీగ మీద వచ్చేవి నాలుగు కోట్లు మించి ఏమంత లేవు. మిగతావన్నీ ఫోన్లూ, గాలిలో వచ్చేవీ. తొంభై నాలుగు కోట్లు అనగానే ఇల్లిల్లూ నెట్టేనని పొంగిపోతాం. ఫోన్‌లో నెట్ ఉండటం వేరు, ఇంట్లో నెట్ ఉండటం వేరు. ఆ మొత్తం అంకెలో ఈ తేడా కనపడదు.

తాళం

డబ్బు సంగతి అయ్యాక అన్నయ్య అసలు మాట బయటపెట్టాడు. "ఇంట్లో వైఫై పెడితే పిల్ల చదువుతుందా? ఇప్పుడైతే నేను ఆపితే ఆగుతుంది."

ఇదే మాట చాలా ఇళ్ళలో విన్నాను, ఫైబర్ ఖర్చు లెక్కే కానివాళ్ళ నోటి నుంచి కూడా. మా చిన్నప్పుడు డయల్ తిప్పే ల్యాండ్‌లైన్ ఫోన్లకి, నంబర్ రంధ్రంలో ఇరికించే బుల్లి తాళం ఒకటి ఉండేది, గుర్తుందా? తాళంచెవి నాన్నల దగ్గర. వచ్చిన ఫోన్ ఎవరైనా ఎత్తొచ్చు, చెయ్యాలంటే మాత్రం ఆయన రావాలి. తర్వాత బటన్ ఫోన్లొచ్చాక ఎస్టీడీ లాక్‌కి కోడ్ పెట్టేవాళ్ళు. బిల్లు భయం కొంతే. ఇంట్లోవాళ్ళు ఎవరితో, ఎంతసేపు మాట్లాడతారన్న లెక్క మిగతాది. వదిన ఫోన్‌లో కాల్స్ వస్తాయి, నెట్ రాదు. నాకా తాళం గుర్తొచ్చింది.

పిల్లల మీద బెంగ అబద్ధం కాదు. రీల్స్‌లో పడితే గంటలు ఎలా పోతాయో నాకు తెలియనిదా, నా సంగతే చెప్పగలను. గేమ్‌లలో డబ్బులు పోగొట్టుకున్న కుర్రాళ్ళున్నారు, లోన్ యాప్‌ల ఉచ్చులో పడ్డవాళ్ళున్నారు. కానీ హాట్‌స్పాట్ స్విచ్ వాటిలో దేన్నైనా ఆపుతుందా? పిల్ల ఏం చూస్తోందో అన్నయ్య ఫోన్‌కి తెలియదు. ఎన్ని ఫోన్లు కనెక్ట్ అయ్యాయో, ఎంత డేటా పోయిందో, అంతవరకే. ఫిజిక్స్ వీడియోకీ రీల్‌కీ దాని దృష్టిలో తేడా లేదు. అతను ఉన్నప్పుడు అన్నీ చూడొచ్చు, లేనప్పుడు ఏదీ చూడకూడదు. పగలు పన్నెండు గంటలు పాఠాలు కూడా బంద్, రాత్రి రెండు గంటలు అన్నిటికీ గేట్లు ఎత్తెయ్యడం. దీన్ని అజమాయిషీ అని ఎలా అంటాం?

నాకు సందేహం లేకపోలేదు. డబ్బా పెట్టినంత మాత్రాన నెట్ అందరిదీ అయిపోతుందా? రౌటర్‌కి కూడా స్విచ్ ఉంటుంది, పాస్‌వర్డ్ ఉంటుంది. ఆఫీసుకెళ్తూ రౌటర్ అడాప్టర్ పీక్కుని సంచిలో వేసుకెళ్ళే ఒక పెద్దమనిషి మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాడు. రాత్రి పది తర్వాత పిల్లల ఫోన్లకి నెట్ ఆగేలా రౌటర్లో పెట్టుకోవచ్చని నేను గట్టిగానే చెప్తాను గానీ, ఆ సెట్టింగులు తెరిచి చూసేవాళ్ళు నూటికి ఎందరు? అడ్మిన్ పాస్‌వర్డ్ డబ్బా వెనక స్టిక్కర్ మీద ఉన్నది ఉన్నట్టే వదిలేస్తారు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్నది తీగ మారిస్తే మారదు. ఒక్క తేడా ఉంది. రౌటర్ ఇంట్లో ఉంటే, దాన్ని ఆపాలనుకున్నవాళ్ళు పని కట్టుకుని ఆపాలి. హాట్‌స్పాట్ అయితే ఎవరూ ఏమీ అనుకోకుండానే, రోజూ ఎనిమిదింటికి, బండి శబ్దంతో పాటే ఆగిపోతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో మన రెండు రాష్ట్రాల లెక్కలు 2019–20 నాటివి, పాతవే. అప్పుడు "ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా" అని అడిగితే తెలంగాణలో మగవాళ్ళలో 57 శాతం అవునన్నారు, ఆడవాళ్ళలో 26.5. ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్ళు 49, ఆడవాళ్ళు 21. ఈపాటికి ఆ అంకెలు పెరిగే ఉంటాయి. అదే ప్రశ్న ఇవాళ వేస్తే వదిన కూడా అవుననే చెప్తుంది. ఎప్పుడైనా వాడారా అంటే వాడినట్టే కదా. పగలు వాడగలరా అని ఎవరూ అడగరు.

కరెంటు పోయినప్పుడు

ఇంత చెప్పి హాట్‌స్పాట్‌కి వంక పెట్టడం నా ఉద్దేశం కాదని కూడా చెప్పాలి. కరెంటు పోతే రౌటర్ పోతుంది. ఇన్వర్టర్ ఉన్నా, అవతల కేబుల్ ఆపరేటర్ పెట్టెలో కరెంటు లేకపోతే మన ఇంట్లో దీపాలు వెలగడమే గానీ నెట్ రాదు. రోడ్డు తవ్వినప్పుడల్లా ఫైబర్ తెగుతుంది, కేబుల్ అబ్బాయి వచ్చి అతికించేదాకా ఆఫీసు మీటింగులన్నీ నేను ఫోన్ మీదే నడుపుతాను. అయితే ఆ ఫోనూ అమృతం తాగి పుట్టలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కరెంటు లేక, ఫోన్లు ఛార్జ్ చేసుకునే దారి లేక జనం మేడల మీద చిక్కుకుపోయారు. టవర్ ఉన్నా ఫోన్ చచ్చిపోతే అంతే.

హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీ బయట చెట్ల కింద గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదువుకునే పిల్లల్ని చూడండి. "అన్నా, కొంచెం నెట్ ఇవ్వు, పీడీఎఫ్ ఒకటి దించుకోవాలి" అంటే ముఖపరిచయం కూడా లేనివాడు ఆన్ చేస్తాడు. పాస్‌వర్డ్ ఎక్కువగా ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలే, ఎనిమిది అక్షరాలకి తగ్గితే ఫోన్ ఒప్పుకోదు కాబట్టి. ఇది మనకి ఎంత మామూలైపోయిందంటే, వేరే చోట ఇది మామూలు కాదని తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. అమెరికాలో చాలా ప్లాన్లలో ఫోన్‌లో వాడే డేటా వేరు, హాట్‌స్పాట్‌కి ఇన్ని జీబీలని వేరు. అక్కడ వెరిజాన్ అనే ఫోన్ కంపెనీ హాట్‌స్పాట్‌కి అదనంగా డబ్బులు వసూలు చేస్తూ, దాన్ని తప్పించుకునే యాప్‌లని స్టోర్‌లో కనపడకుండా చేయించిందని అక్కడి టెలికం నియంత్రణ సంస్థ విచారణ జరిపితే, 2012లో పన్నెండున్నర లక్షల డాలర్లు కట్టి ఆ కేసు తేల్చుకుంది. మనకి ఆ పేచీ లేదు. కొనుక్కున్న డేటా మన ఇష్టం, ఎవరికైనా పంచొచ్చు. ఇది పోకూడదనే కోరుకుంటాను.

పంచేటప్పుడు కాస్త చూసుకోవాలన్నది కూడా నిజం. మన హాట్‌స్పాట్ మీద ఎవరు ఏం చేసినా, బయటికి అది మన సిమ్ నుంచి చేసినట్టే కనపడుతుంది. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్ళకి కాస్త ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ ఆరా తీస్తే, నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి వైఫై దగ్గర తేలింది. అతనికి దానితో ఏ సంబంధమూ లేదు, తాళం వెయ్యని వైఫైని ఎవరో వాడుకున్నారు. అంత దూరం పోనక్కర్లేదు గానీ, రైల్లో పక్క సీటాయనకి ఇచ్చిన పాస్‌వర్డ్ దిగాక మార్చడానికి పట్టేది అర నిమిషం.

నేననేది, హాట్‌స్పాట్ దారిలో అక్కరకొచ్చే వస్తువు, ఆపదలో ఆదుకునే వస్తువు. దాన్నే తీసుకొచ్చి ఇంటికి మూలస్తంభం చేస్తేనే తంటా.

డబ్బా పెట్టలేని ఇళ్ళు

ఫైబర్ అందరికీ కుదరదు. అద్దె ఇళ్ళలో గోడకి కన్నం పెట్టనివ్వని ఓనర్లున్నారు. ఏడాదికోసారి ఇల్లు మారేవాళ్ళు మారినప్పుడల్లా కనెక్షన్ ఏం మార్చుకుంటారు. ఊళ్ళలో అయితే కేంద్రం వేయించే భారత్‌నెట్ ఫైబర్ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి అక్కడే ఆగింది చాలాచోట్ల. కోదాడ నుంచి సరిహద్దు దాటితే ఆంధ్రా, జగ్గయ్యపేట. అక్కడి ప్రభుత్వం 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్ మొదలుపెట్టినప్పుడు నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోన్, నెట్ మూడూ ఇస్తామంది. ఆ ప్రాజెక్టు తర్వాత పడ్డ తంటాలు వేరే కథ. కానీ నెట్ మనిషికి కాదు, ఇంటికి ఇవ్వాలన్న ఆలోచన సరైనదే. 2020 డిసెంబరులో కేంద్రం ఒప్పుకున్న పీఎం-వాణి పథకం, కిరాణా కొట్టు కూడా వైఫై అమ్ముకోవచ్చన్నది, కోదాడలో నేను తిరిగిన బజార్లలో ఎక్కడా బోర్డు కనపడలేదు.

ఇవేవీ లేనిచోట ఏం చెయ్యాలి? పెద్ద రీచార్జ్ ఒక్కటే పెట్టగలిగితే ఆ ఒక్కటీ ఎవరి ఫోన్‌కి పెట్టాలి అన్నది నా ప్రశ్న. ఇంటి హాట్‌స్పాట్ ఉండాల్సింది ఇంట్లో ఉండే మనిషి ఫోన్‌లో. వదిన సిమ్‌లో పెద్ద ప్లాన్ పెడితే పగలు పెద్దమ్మకి టీవీ వస్తుంది, పిల్లకి పాఠం వస్తుంది, బ్లౌజు ఫోటో వచ్చినప్పుడే కనపడుతుంది. అన్నయ్య రాత్రి ఇంటికొచ్చాక వదిన ఫోన్‌కి కనెక్ట్ అవ్వొచ్చు. బయట అతనికి కావాల్సింది మ్యాపూ, వసూళ్ళ యాపూ. ఆ రెండిటికీ రోజుకి జీబీన్నర అక్కర్లేదు, చిన్న ప్లాన్ చాలు. పాత ఫోన్ ఇంకోటి ఇంట్లో పడుంటే దాంట్లో సిమ్ వేసి ఒక మూల పెట్టుకోవడం ఇంకో దారి. కాకపోతే ఇరవై నాలుగ్గంటలూ ఛార్జర్‌కే అతికించి ఉంచితే బ్యాటరీ ఉబ్బొచ్చు, మధ్యమధ్యలో తీస్తుండాలి. ఎవరూ కనెక్ట్ అవ్వకపోతే హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోయే సెట్టింగ్ ఒకటుంటుంది, అది కూడా తీసెయ్యాలి.

ఇది చెప్తే అన్నయ్య ఒక మాటన్నాడు, దానికి నా దగ్గర సమాధానం లేదు. వసూళ్ళ యాప్ పొద్దుట్నుంచీ లొకేషన్ పంపుతూనే ఉండాలట, ప్రతి రసీదుకీ ఫోటో ఎక్కించాలట, నెట్ ఆగితే ఆ రోజు హాజరు పడదట. అదంతా అతని సొంత రీచార్జ్ మీదే. ఆఫీసు ఇచ్చిన సిమ్‌లో కాల్స్ ఉన్నాయి, డేటా లేదు. అంటే ఇంట్లోవాళ్ళకి చాలకుండా పోతున్న ఆ జీబీన్నరలో కొంత అసలు కంపెనీ పెట్టుకోవాల్సిన ఖర్చు. కొరియర్ కుర్రాళ్ళు, మెడికల్ రెప్పులు, అంగన్‌వాడీ టీచర్లు, ఇలా ఫోన్‌లో యాప్ పట్టుకుని తిరిగేవాళ్ళందరినీ అడిగి, ఆఫీసు పనికి ఎవరి డేటా ఖర్చవుతోందో ఇంకో పోస్టులో రాస్తాను. మీలో అలాంటి ఉద్యోగం చేసేవాళ్ళుంటే, మీ నెల రీచార్జ్‌లో ఆఫీసు ఎంత ఇస్తుందో చెప్పండి.